పళ్ళెం బ్రేకు, మామగారి గీత

ఆ ఇంట్లో కింద సైకిళ్ళ పని, పైన కాపురం. కింద అల్లుడు ఉక్కు గొట్టాలు కోసి, అతికించి, ఫ్రేము నిలబెడతాడు. కూతురు చక్రాలు కడుతుంది. మామ రంగు వేసి గీత గీస్తాడు. పైన అత్త పొయ్యి దగ్గర నిలబడి, మెట్ల మీదుగా వచ్చే మాటలన్నీ వింటూ, ఎవరిది ఎంత తప్పో అక్కడి నుంచే తీర్పు చెబుతుంది. ఆమె తీర్పు మీద పైకోర్టు లేదు.

మామను వీధిలో అందరూ గీతల మామ అంటారు. ఆయన దగ్గర ఉడత వెంట్రుకల పొడుగు కుంచె ఒకటుంది. దాన్ని రంగులో ముంచి, చిటికెన వేలు గొట్టానికి ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగాడంటే సన్నటి బంగారు గీత ఈ కొస నుంచి ఆ కొసకు పాపిడి తీసినట్టు పడుతుంది. టేపు అంటించి గీసేవాళ్ళంటే ఆయనకు చులకన. "గోడ పట్టుకుని నడవడం," అంటాడు. అంతకు మించి అనడు. మామ నోట మాట రావాలంటే బావిలో పడ్డ చెంబును పైకి తీసినంత పని.

అల్లుడి నోట్లో నువ్వుగింజ నానదు. పైగా వాడికి కొత్తదనం పిచ్చి. సైకిలు చూడ్డానికి తాతలనాటి బండిలా ఉంటే ఉండనీ, ఎత్తెక్కేటప్పుడు గుండె నోట్లోకి రాకూడదు, దిగేటప్పుడు దేవుడు గుర్తు రాకూడదు అంటాడు. మామకేమో సైకిలంటే నల్లటి ఒళ్ళు, తోలు సీటు, కడ్డీ బ్రేకులు, ఒకటే గేరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇన్నాళ్ళూ మామ అచ్చుల ప్రకారమే ఫ్రేములు చేశాడు అల్లుడు. ఆ మధ్య మొదటిసారి సొంత బుర్రతో ఒక బండి మొదలెట్టాడు. వాడి తిండీ నిద్రా అదే అయిపోయింది.

అది డాక్టరమ్మ కోసం. వీధి చివరి ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఆవిడ. సెలవు పెట్టి, ముందూ వెనకా సంచులు కట్టుకుని, కొండ దాటి అవతలి వైపు దాకా సైకిలు మీద తిరిగి రావాలని ఆవిడ కోరిక. వచ్చి చెప్పింది. "చూడ్డానికి మా అమ్మ తొక్కిన సైకిలులా ఉండాలి. తొక్కడానికి ఇవాళ్టి బండిలా ఉండాలి. ఇంకొకటి, మా అమ్మ బండికి బంగారు గీతలుండేవి. గీత లేకపోతే అది నాకు అమ్మ బండి కాదు. అప్పుడు నేను తీసుకోను. ముందే చెబుతున్నా, తరవాత అనుకోవద్దు."

"గీతకేం, మా మామయ్య ఉన్నాడు," అన్నాడు అల్లుడు ధీమాగా.

ఫ్రేము అయింది. గొట్టాలు కలిసే చోట తొడుగులు ఆకుల్లా చెక్కాడు. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు కాళ్ళు పాతకాలం పద్ధతిలో ముందుకు వంచాడు. మామ ముదురాకుపచ్చ రంగు వేసి ఆరబెట్టాడు. ఫోర్కు ఎడమ కాలి మీద ఇనుప చెవులున్నాయి. అవి సంచులు తగిలించుకోవడానికి అనుకున్నాడాయన. అల్లుడు కాదనలేదు. అడగని దానికి జవాబు చెప్పడం వాడికీ ఎప్పుడో ఒకసారి చేతకాదు.

పరీక్షకని చక్రాలు బిగించిన రోజు మామ టీ గ్లాసుతో వచ్చి ఆగాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు చక్రం దగ్గర వంగాడు.

"ఈ పళ్ళెం ఏమిటి?"

"డిస్క్ బ్రేకు, మామయ్యా."

"తినడానికా, ఆపడానికా?"

"ఆపడానికే. వానలో, బరువుతో కొండ దిగేటప్పుడు కడ్డీ బ్రేకులు పనికిరావు మామయ్యా. అవి ఆపవు, బతిమాలతాయి."

మామ నవ్వలేదు. వేలితో ఫోర్కు ఎడమ కాలి మీద పైనుంచి కిందికి రాశాడు. సగంలో ఆ ఇనుప చెవి తగిలింది. దాని మీద బ్రేకు కూర్చుని ఉంది.

"నా గీత ఇటు నుంచే పోవాలి," అన్నాడు.

"ఆ కాస్త మేర ఆపి, కింద మళ్ళీ మొదలుపెట్టొచ్చుగా?"

మామ లేచి నిలబడ్డాడు. టీ చల్లారిందో ఏమో, గ్లాసు పక్కన పెట్టేశాడు. "నేను గీత మధ్యలో ఆపను. ఇంతవరకూ ఆపలేదు. ఈ బండికి నా గీత పడదు."

"మరి రంగు వేశారుగా?"

"రంగు తుప్పు పట్టకుండా. ఎవడికైనా వేస్తా."

ఆ మాటతో ఆ రోజు మాటల కోటా అయిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అల్లుడు మళ్ళీ కదిపాడు. డాక్టరమ్మ ఈ ఆదివారమే బయలుదేరుతుందని, గీత లేకపోతే బండి తీసుకోదని, ఇది తన మొదటి సొంత బండి అని, కొండలు కొలిచే బండికి గేర్లూ గట్టి బ్రేకులూ లేకపోతే ఎలాగని, అన్నం కలపడం మానేసి చెప్పాడు.

మామ నెమ్మదిగా ముద్ద మింగాడు. "నా బండికి గేరుందా?"

"లేదు."

"మన వీధి ఎత్తు రోజూ ఎక్కుతున్నానా?"

"ఎక్కుతున్నారు."

"ఈ వయసులో?"

అల్లుడు తల ఊపాడు. అది నిజం. వీధి మొదట్లో ఉన్న ఎత్తు మంచి మంచి కుర్రాళ్ళకే ఆయాసం తెప్పిస్తుంది. మామ మాత్రం ఆ నల్ల సైకిలు మీద వీపు నిటారుగా పెట్టుకుని పల్లకీ ఎక్కినవాడిలా పైకి వచ్చేస్తాడు. మధ్యలో కొన్నాళ్ళు ఆ ఎక్కడంలో వెనకబడ్డాడు గానీ, వానలు తగ్గినప్పటి నుంచి మళ్ళీ వయసు వెనక్కి తిరిగినట్టుంది.

"కాళ్ళలో సత్తువ లేనివాడికి గేరు," అని చెయ్యి కడుక్కున్నాడు మామ.

అత్త అప్పుడు అన్నం వడ్డిస్తోంది. ఆమె గరిటె ఒక్క క్షణం గాలిలో ఆగింది. కూతురికి ఎందుకో పొలమారింది. అల్లుడు అది చూశాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

కిందికి దిగాక పెళ్ళాన్ని పట్టుకున్నాడు. ఆమె చక్రం స్టాండుకు పెట్టి స్పోకులు బిగిస్తోంది.

"ఏమిటి సంగతి? మీ నాన్న కాళ్ళ మాట వస్తే నీకు పొలమారుతుందేం?"

"ఏం లేదండీ."

"ఏం లేకపోతే స్పోకు అటు తిప్పుతున్నావేం? అది వదులవుతోంది."

ఆమె చెయ్యి ఆపింది. మెట్ల వైపు చూసి గొంతు తగ్గించింది. వానాకాలంలో నాన్న ఎత్తు దగ్గర దిగి తోసుకుంటూ వస్తుండేవాడట. ఎవరన్నా చూస్తే చెప్పు తెగినట్టు నటించేవాడట. అది చూసి అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అప్పుడే వెనక చక్రం రిమ్ము తుప్పు పట్టింది. కొత్త చక్రం కట్టేటప్పుడు అమ్మా తనూ కలిసి ఒక పని చేశారు. చక్రం మధ్యలో ఉండే హబ్బు, లోపల రెండు గేర్లున్నది వేశారు. దానికి తీగ లేదు, మీట లేదు. మెల్లగా తొక్కితే తేలిక గేరు, వేగం అందుకోగానే దానంతటదే బరువు గేరు. పైకి ఏమీ కనబడదు.

"హబ్బు లావుగా ఉందేమిటని అడగలేదా?"

"అడిగాడు. కొత్త రకం బేరింగని చెప్పా. నాన్న చూసేది రంగేగా. రంగు తన చేత్తో వేసుకున్నాడు, గీత లాగాడు, ఇంక ఆ చక్రం వైపు చూడలేదు."

అల్లుడు పక్కనున్న పీట మీద కూలబడ్డాడు. నవ్వాపుకోలేక మోచేతిలో మొహం దాచుకున్నాడు. తరవాత నవ్వు ఆగిపోయింది. చేతిలో తురుపు ముక్క పడింది మరి. ఒక్క మాట చాలు. మామయ్యా, మీరూ గేరు బండే తొక్కుతున్నారు.

వాడి మొహం చూసి పెళ్ళాం కనిపెట్టేసింది. "చెప్పారంటే గెలుస్తారు. కానీ ఆయన మళ్ళీ సైకిలెక్కడు. ఎక్కకపోతే ఇంట్లో కూర్చుంటాడు. ఇంట్లో కూర్చుంటే అమ్మ మీకు అన్నం పెట్టదు. తరవాత మీ ఇష్టం."

అడకత్తెరలో పోకచెక్కంటే ఏమిటో అల్లుడికి అప్పుడు తెలిసింది.

మర్నాడు తనే గీద్దామని పాత గొట్టం ముక్క ఒకటి తీసుకున్నాడు. కుంచె ముంచాడు, చిటికెన వేలు ఆనించాడు, ఊపిరి బిగబట్టాడు. గీత మొదలు బాగానే ఉంది. సగానికి వచ్చేసరికి ఊపిరి చాలలేదు. మిగతా సగం తాగినవాడు ఇంటికి పోయినట్టు పోయింది. ఇంకోటి గీశాడు. అది చీమల బారు. మూడోసారి తలుపు వేసి, టేపు అంటించి గీశాడు. తిన్నగా వచ్చింది. కానీ ఆ గీతలో ప్రాణం లేదు. గళ్ళ పుస్తకంలో అచ్చు కొట్టినట్టుంది. మామ అటుగా వెళుతూ తలుపు తోసి చూశాడు. గోడ మీద చెయ్యి వేసి, తడుముకుంటూ, రెండడుగులు నడిచి చూపించి వెళ్ళిపోయాడు.

అల్లుడికి ఒళ్ళు మండింది. ఆ పూట భోజనం దగ్గర ఆ మాట నాలుక కొస దాకా వచ్చింది.

"మామయ్యా, మీకొకటి చెప్పాలి," అన్నాడు.

అత్త గిన్నె చప్పుడయ్యేలా కింద పెట్టింది. "కూర ఇంకాస్త వేసుకోండి బాబూ," అంది. అలాంటి చూపుతో కూర వడ్డిస్తే ఎవడూ వద్దనలేడు.

"ఏమిటి?" అన్నాడు మామ.

అల్లుడు కూర కలుపుకున్నాడు. "ఏం లేదు. కూర బావుంది."

"నాకూ ఒకటి చెప్పాలి," అన్నాడు మామ. ముగ్గురూ తలెత్తారు. ఆయన తనంతట తాను మాట మొదలుపెట్టడం అరుదు. "మోకాలు టక్కుమంటోంది."

"ఎప్పుడు?" అంది అత్త.

"సైకిలు మీద. ఎత్తులో రాదు. సమంగా ఉన్న రోడ్డు మీద వేగం అందుకోగానే టక్కుమంటుంది. ఆ తరవాత కాలు బరువెక్కుతుంది."

కూతురు నీళ్ళ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. అల్లుడు పళ్ళెంలోకి వంగి, మెతుకులన్నీ ఉన్నాయా లేవా అన్నట్టు చూశాడు.

"వయసండీ," అంది అత్త. "కాస్త నూనె రాస్తా."

"డాక్టరమ్మ బండి చూడ్డానికి వస్తుందిగా, అడుగుతా," అన్నాడు మామ.

వద్దనే దారి ఎవరికీ తోచలేదు.

ఆ సాయంత్రం ఎండ తగ్గాక డాక్టరమ్మ వచ్చింది. ముదురాకుపచ్చ బండిని చూసి మొహం వెలిగింది. తరవాత ఫోర్కు దగ్గర, మడ్‌గార్డు దగ్గర వెతికింది. "గీతలు ఇంకా వేయలేదా?"

"అదే..." అని అల్లుడు మొదలుపెట్టేలోపు మామ ముందుకొచ్చి ప్యాంటు మోకాలి దాకా మడిచాడు. ఆవిడ ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి కాలు చాపింది, ముడిచింది, మోకాలికి చెవి ఆనించి వింది.

"ఏ చప్పుడూ లేదే పెద్దాయనగారూ. మోకాలు బావుంది."

"తొక్కితేనే వస్తుంది."

"మెట్లెక్కితే?"

"రాదు."

"ఎత్తెక్కేటప్పుడు రాదు, సమంగా ఉన్న చోట వస్తుంది. నా చదువులో ఇలాంటి మోకాలు లేదు. సరే, పదండి, పక్కనే తొక్కుతూ వింటాను. నా బండి కూడా పరీక్ష చేసినట్టుంటుంది."

ఇద్దరూ బయలుదేరారు. అల్లుడు, కూతురు గుమ్మంలో నిలబడ్డారు. అత్త చేతిలో గరిటెతో కిందికి దిగి వచ్చింది. ఆమె పొయ్యి మీద గిన్నె వదిలి రావడం ఆ ఇంట్లో చిన్న సంగతి కాదు. నల్ల సైకిలూ ఆకుపచ్చ సైకిలూ పక్కపక్కన వీధి చివరిదాకా పోయాయి, తిరిగాయి, మళ్ళీ వచ్చాయి.

"విన్నాను," అంది డాక్టరమ్మ దిగుతూ. "మోకాలు ఏ పాపం ఎరగదు. ఆ చప్పుడు మీ వెనక చక్రంలోంచి వస్తోంది. ఇప్పుడు నా బండిలో గేరు మార్చినప్పుడల్లా అదే వినిపించింది. మీ బండి గేర్లు ఎవరు వేశారు? తీగ కూడా కనబడకుండా భలే అమర్చారే."

వీధిలో ఎవరో తలుపు వేసుకున్న చప్పుడైంది. మామ డాక్టరమ్మను చూశాడు. అత్తను చూశాడు. అత్త గరిటెకు ఏదో అంటుకున్నట్టు గోకుతోంది. కూతురిని చూశాడు. ఆమె ఆకాశంలో వాన వస్తుందేమో చూస్తోంది. అల్లుడు కుక్కిన పేనులా ఉన్నాడు.

"ఎప్పటి నుంచి?" అన్నాడు మామ.

"వానాకాలం నుంచి," అంది అత్త. "పిల్లల తప్పేం లేదు. నేనే వేయించా."

"అల్లుడికి తెలుసా?"

"నిన్ననే తెలిసింది మామయ్యా," అన్నాడు అల్లుడు.

"తెలిసీ చెప్పలేదా? నీ బండికి గీత వద్దన్నా కూడా?"

"నోటిదాకా వచ్చింది. అత్తయ్య కూర వడ్డించింది."

మామ కాసేపు నేల చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "తీసెయ్," అన్నాడు కూతురితో.

"తీసేస్తా నాన్నా. పాత హబ్బు అలాగే ఉంది. రేపటి నుంచి చెప్పు తెగినట్టు నడిచి రా."

"ఆ సంగతీ తెలుసా మీకు?"

"వీధి వీధంతా తెలుసండీ," అంది అత్త. "చెప్పులు కుట్టేవాడైతే ఈయన నా దగ్గరికి రాడేమిటని అడిగాడు కూడా."

ఆ మాటకు డాక్టరమ్మ పక్కకు తిరిగి దగ్గింది. మామ సైకిలు తిప్పుకుని వీధి మొదటికి పోయాడు. ఇంక రాడేమోనని అల్లుడు వీధిలోకి రెండడుగులు వేశాడు. ఆకుపచ్చ బండి సంగతి అప్పుడు వాడికి గుర్తే లేదు.

ఎత్తు కింద మామ కాసేపు ఆగాడు. తరవాత ఎక్కాడు. ఈసారి వీపు నిటారుగా లేదు. తల వంచి, కిందికి, వెనక్కి, చక్రం వైపు చూసుకుంటూ తొక్కాడు. ఎన్నాళ్ళుగానో ఇంట్లో ఉంటున్న మనిషిని మొదటిసారి పలకరించినట్టుంది ఆ చూపు. పైకి వచ్చాక మళ్ళీ కిందికి దిగి, మళ్ళీ ఎక్కాడు. ఎక్కి, గుమ్మం ముందు కాలు ఆనించాడు.

"ఉండనీ," అన్నాడు.

సైకిలు గోడకు చేర్చి, లోపలికి పోయి, కుంచె కడిగే నూనె గిన్నె బయటికి తీశాడు. "అల్లుడూ, ఆ బండి స్టాండుకెక్కించు."

అల్లుడు ఎక్కించిన తీరు చూస్తే పసిపిల్లను ఎత్తుకున్నాడనుకుంటారు. మామ ముందు నున్నటి గొట్టాలన్నీ కానిచ్చాడు. ఒక్కో గీత ఒక్కో ఊపిరి. ఫోర్కు దగ్గరికి వచ్చేసరికి పీట లాక్కుని కూర్చున్నాడు. ఎడమ కాలి మీద బ్రేకు కూర్చుని ఉంది. సుద్దముక్కతో గీసి, గుడ్డతో తుడిచాడు. మళ్ళీ గీశాడు, మళ్ళీ తుడిచాడు.

"ఇక్కడ ఆపేద్దామా మామయ్యా?" అన్నాడు అల్లుడు మెల్లగా.

"ఆపనన్నా కదా."

కుంచె ముంచాడు. పైనుంచి తిన్నగా లాగుతూ వచ్చి, ఇనుప చెవి ఇంకా బెత్తెడు దూరంలో ఉందనగా మణికట్టు చిన్నగా తిప్పాడు. గీత పక్కకు ఒరిగి, బ్రేకును చుట్టి, పెద్దమనిషికి దారి ఇచ్చి తప్పుకున్నట్టు పోయి, కింద మళ్ళీ తన దారిలో పడింది. ఎక్కడా తెగలేదు. అల్లుడు ఊపిరి పీల్చడం మరిచిపోయాడు. మామకంటే వాడికే ఎక్కువ ఆయాసం వచ్చింది.

"ఇలాంటిది ఎప్పుడూ గీయలేదు," అన్నాడు మామ, తనలో తను అనుకున్నట్టు. గొంతులో కోపం లేదు. కాస్త సంబరమే ఉంది.

తరవాత కుడి కాలి వైపు తిరిగాడు. అక్కడ బ్రేకు లేదు, చెవి లేదు, నున్నటి ఉక్కు. అల్లుడు స్టాండు వదిలేశాడు, ఇంక పనైపోయినట్టే అనుకుని. మామ పైనుంచి తిన్నగా లాగుతూ వచ్చి, సరిగ్గా అదే ఎత్తులో మణికట్టు తిప్పాడు. గీత అక్కడ లేని బ్రేకును కూడా అంతే మర్యాదగా చుట్టి పోయింది.

"ఇటు అడ్డం ఏమీ లేదుగా మామయ్యా, తిన్నగా లాగొచ్చుగా?"

"ఇటు తిన్నగా ఉంటే," అన్నాడు మామ కుంచె తుడుస్తూ, "అటు తప్పు జరిగినట్టుంటుంది."

అల్లుడు ముందుకు పోయి చక్రానికి ఎదురుగా నిలబడి చూశాడు. రెండు వంపులూ ఎదురెదురుగా, ఇద్దరు మనుషులు గుమ్మంలో ఒకరికొకరు దారి ఇచ్చుకుంటున్నట్టున్నాయి. పళ్ళెం బ్రేకు మొదటి నుంచీ ఆ బండికి పుట్టినట్టే ఉంది. అది ఎప్పటి బండో, ఏ కాలానిదో ఇంక ఎవరూ చెప్పలేరు. ఇకమీద మన బండ్లన్నిటికీ ఇలాగే గీయొచ్చు అనబోయి, మామ మొహం చూసి, రేపు చెబుదాంలే అని ఊరుకున్నాడు. వాడు ఒక మాటను రేపటికి దాచుకోవడం పెళ్ళాం చూసి ఆశ్చర్యపోయింది.

డాక్టరమ్మ అంతసేపూ గుమ్మంలో నిలబడే ఉంది. దగ్గరికి వచ్చి వంగింది. వాళ్ళమ్మ సైకిలు మీద ఇలాంటి వంపు లేదంది. లేకపోయినా ఫర్వాలేదంది. అంటూనే, మురిపెంగా, ఆ తడి గీత మీదికి వేలు చాపింది.

"తాకొద్దు," అన్నారు మామా అల్లుళ్ళు ఒక్కసారే.

ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పటికే మెట్లెక్కుతున్న అత్త సగంలో ఆగి వెనక్కి తిరిగింది.

"ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారన్నమాట," అంది. "కూర మాడితే మాడిందిలే."